క్రైస్తవస్తుతియందు విభక్తివిచారము

క్రీస్తును స్తుతించుట క్రైస్తవసంఘమునకుఁ బరమధర్మము. ఆ స్తుతి యథార్థమగుటకు భక్తియు నలంకారములును జాలవు. స్తుత్యునిఁ దెలుపు పదమున కే విభక్తి నిలుపవలెనో కూడ నిశ్చయింపవలసియుండును. ఇది వైయాకరణుని యతిశయోక్తి గాదు. నాలవ శతాబ్దమున గ్రీకుసంఘములలో దీనిం గూర్చియే కలహములు పుట్టినవి. 344 మొదలు సుమారు 358 వఱకు అంతియొకయలో నధ్యక్షుఁడుగా నుండిన లియోంటియుసు, తన జనులలోఁ గొందఱు "కుమారునికిని" అనియు, మఱికొందఱు "కుమారుని ద్వారా" అనియు మహిమవాక్యమును బలుకుటఁ జూచి, ఆ భాగమును నోటిలోనే యణఁచుకొని, యుగయుగములను జెప్పు తుదిమాట మాత్రము వినఁబడునట్లు పలికెడివాఁడని థియొడొరెటు తన సంఘచరిత్రమున వ్రాసెను. ఒక ప్రత్యయమునకు వెఱచిన యాచార్యుని వృత్తాంతము మన శాస్త్రకథలలోఁ గూడ నరుదు.

ఆ వివాదమునఁ బుట్టిన గ్రంథములలో, కప్పదొకియలోని కైసరయ కధ్యక్షుఁడగు బాసిలు తన మిత్రుఁడు అంఫిలోకియుసునకు వ్రాసిన "పరిశుద్ధాత్మనుగూర్చి" యనునది మన పండితులు చదువఁదగినది. మతగ్రంథమని దానిని మతాచార్యులకే విడిచితిమి. విభక్త్యర్థగ్రంథముగాఁ జదివినను దానికి లోటు రాదు. 374వ సంవత్సరప్రాంతమున బాసిలు జనులతోఁ బ్రార్థించుచు, ఒకప్పుడు తండ్రికిఁ గుమారుని ద్వారా, ఆత్మయందు మహిమ యనియు, ఒకప్పుడు కుమారునితోడను ఆత్మతోడను గూడ తండ్రికి మహిమ యనియుఁ బలికెను. ఈ రెండును బరస్పరవిరుద్ధములని కొంద ఱాక్షేపించిరి. ఆక్షేపమునకు మూలము ఏటియుసు సిద్ధాంతము. తండ్రికి "ఎవనినుండి", కుమారునికి "ఎవనిద్వారా", ఆత్మకు "ఎవనియందు" అను శబ్దములు నియతములు. శబ్దభేదము స్వభావభేదమును దెల్పును. మన పరిభాషలో నపాదానము, కరణము, అధికరణము. కరణము కర్తకు లోఁబడినది గదా! కుమారుఁ డొక పనిముట్టయ్యెను.

బాసిలు మొదటి సమాధానము ప్రయోగశరణము. తండ్రినిగూర్చి "ద్వారా" యనియు, కుమారునిగూర్చి "నుండి" యనియుఁ గల లేఖనప్రయోగముల నాతఁ డెత్తిచూపెను. ఇది ఖండనమునకుఁ జాలునుగాని స్థాపనమునకుఁ జాలదు. ఉపపదము స్వభావమును నియమింపనిచో "ద్వారా" యనియే యుండనిమ్ము, "తోడ" యన నేల యని ప్రతివాది యడుగవచ్చును. గ్రంథమునకుఁ బ్రాణమగు సమాధానము వేఱు. కుమారుని మహత్త్వమును దలఁచునపుడు "తోడ" యందుము; ఆతనివలన మనకుఁ గలిగిన యుపకారమును దలఁచునపుడు "ద్వారా" యందుము. మొదటిది స్తుతి, రెండవది కృతజ్ఞత. కారకములు వక్తృవివక్ష ననుసరించునని మన శాబ్దికు లనుటయు నిదియే. పాణినీయ మెఱుఁగని వాఁడు స్వబుద్ధిచే నీ తావునకు వచ్చెను.

ఇఁక మనవారి శంక యొకటి గలదు. సహశబ్దయోగమున నప్రధానమునకే తృతీయ యని పాణిని విధించెను. కాశికావృత్తి యిచ్చిన యుదాహరణమున నైనను, కుమారునితోఁ గూడ వచ్చినవాఁడు తండ్రియే! ఇట్లైనఁ గుమారునితోడ తండ్రికి మహిమ యన్నచోఁ గుమారున కప్రాధాన్యము రాదా? రాదు. వృత్తికారుఁడే దానిని విడఁదీసెను: తండ్రికిఁ గ్రియాసంబంధము శబ్దముచేతఁ జెప్పఁబడినది, కుమారునకు నది తోఁచుచున్నది, అప్రాధాన్య మింతమాత్రమే. అది శాబ్దముగాని యార్థికము గాదు. 381లో కాన్‌స్టాంటినోపిలు సభకుఁ జెందిన విశ్వాసప్రమాణమున, ఆత్మయే తండ్రితోడను కుమారునితోడను గూడ నారాధింపఁబడునని యున్నది. అచ్చట మన లెక్కలో సహార్థతృతీయ తండ్రికే వచ్చెను. తృతీయవలన న్యూనత గలుగునన్నచో, తండ్రికే న్యూనత చెప్పవలసివచ్చును. అది యే పక్షమువారికిని సమ్మతము గాదు.

సముచ్చయమునుగూర్చి బాసిలు చెప్పినమాట తెలుఁగువారికి మఱింత దగ్గఱది. మెసొపొతమియదేశీయుఁ డొకఁడు, తమ భాషలో సముచ్చయముచేతఁ దప్ప మహిమవాక్యము పలుక వీలులేదని తనతోఁ జెప్పినట్లు వ్రాసెను. మనకు నించుమించుగా నదే గతి. తెలుఁగున "తో" కరణమునకును సహార్థమునకును జెల్లును. కత్తితో నఱకుటయుఁ, గొడుకుతో వచ్చుటయు నొక్క ప్రత్యయమే. "కుమారునితో" అని విడిచినచో గ్రీకువారు తలలు బాదుకొన్న భేద మంతయు నిచ్చట మాయమగును. "కూడ" చేర్చిననే సహార్థము నిలుచును. తెలుఁగుసంఘములు మహిమవాక్యమున మువ్వురకు నొక్క షష్ఠినే నిలిపి, ప్రతిపదమునకు సముచ్చయార్థకమును జేర్చి పలుకుట యీ చిక్కును దాఁటినది. ఆ తెనుఁగు చేసినవారు బాసిలును జదివిరో, చెవి చెప్పినట్లు చేసిరో కాని, ప్రయోగము నిర్దుష్టము. చశబ్దమున కన్వాచయార్థము గూడఁ గలదు గదా, అందొకటి ముఖ్యము నొకటి యానుషంగికము గాదా యందురేమో. అన్వాచయమునకుఁ గ్రియలు రెండుండవలెను. ఇచ్చట మహిమ యొక్కటే.