మే నెల లేని నవలలు

నా నవల ఒకటి వారం వారం సీరియల్‌గా వచ్చినన్నాళ్ళూ క్రమం తప్పకుండా చదివి ఫోన్ చేసిన మనిషి మా పిన్ని కూతురు. ఆఖరి భాగం అచ్చయిన రోజున, ఇక మెచ్చుకుంటుంది గదా అని చెవి రిక్కించుకుని కూర్చున్నాను.

"అంతా బాగుందక్కా. ఒక్కటే అనుమానం. నీ లెక్చరరమ్మ మే నెలలో ఏం తింటది?" అంది.

నేను నవ్వాను. అది నవ్వలేదు.

మా చెల్లెలు భద్రాచలం వైపు అడవి అంచున ఓ జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతుంది. గెస్టు లెక్చరరు. గెస్టు అన్నారు గదా అని అతిథి మర్యాదలు ఊహించుకునేరు! పీరియడ్‌కింత అని లెక్కగట్టి ఇస్తారు. కాలేజీ మూస్తే పీరియడ్లుండవు, పీరియడ్లు లేకపోతే డబ్బుండదు. తెలంగాణలో 2023లో కాంట్రాక్టు లెక్చరర్లను చాలామందిని పర్మినెంటు చేశారు గాని, ఆ భాగ్యం గెస్టుల దాకా రాలేదు.

ఫోను పెట్టేసి నా నవల నేనే తిరగేశాను. నాయిక లెక్చరరు. గంజిపెట్టిన నేత చీర, చేతిలో రెండు పుస్తకాలు, ఆమె వస్తుంటే పిల్లలు లేచి నిలబడటం, అన్నీ ఉన్నాయి. పద్నాలుగో ప్రకరణంలో పరీక్షలయ్యాయి. పదిహేనోది ఇలా మొదలైంది: "వేసవి సెలవులు గడిచిపోయాయి." రెండు నెలల్ని మూడు మాటల్లో మింగేశాను! తర్వాత ఓ పేజీలో నాయిక చేత పాపికొండల లాంచీ ప్రయాణం గుర్తు చేసుకునేలా చేశాను. హీరో ఎక్కడో ఒకచోట తగలాలి గదా మరి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఉద్యోగం చేసే నాయికను మన నవలలు ఊరికే తయారు చెయ్యలేదు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగానికి బయల్దేరితే, పదో తరగతితో చదువాపేసిన మా అమ్మలాంటి వాళ్ళు ఎందరో ఇంట్లో కూర్చుని ఆమెతోపాటు గడప దాటారు. నన్ను బి.ఏ. చదివించిన కలల్లో అదొకటి. కాబట్టి ఆ నవలల్ని ఎగతాళి చెయ్యటానికి నాకు నోరు రాదు. నా ఫిర్యాదల్లా, ఆ తర్వాత కలం పట్టిన మాలాంటి వాళ్ళం నాయికకి ఉద్యోగం మాత్రం ఇచ్చి, ఆ ఉద్యోగంలోని చాకిరీని, జీతం రాని నెలల్ని కథ బయటే వదిలేశామని.

ఇక గోదావరి సంగతి. బాపు గారి 'అందాల రాముడు' (1973) చూడండి, శేఖర్ కమ్ముల గారి 'గోదావరి' (2006) చూడండి. రెండింట్లోనూ పడవ రాజమండ్రి వైపు నుంచి ఎగువకి వస్తుంది. రెండూ నాకిష్టమే, రెండూ ఒకటికి నాలుగుసార్లు చూశాను. కాకపోతే ఆ పడవలో వచ్చేవాళ్ళకి భద్రాచలం ప్రయాణం ఆఖరి మజిలీ. అక్కడే కాపురం ఉన్నవాళ్ళు ఆ పడవని ఒడ్డున నిలబడి ఎలా చూస్తారో ఊహించాలని నాకు నలభయ్యేళ్ళు వచ్చేదాకా తోచలేదు.

వాళ్ళెలా చూస్తారో కొంచెం చెబుతాను. శ్రీరామనవమి వస్తోందంటే మా చుట్టాలందరికీ మా చెల్లెలు గుర్తొస్తుంది. పోయినేడు పదకొండు మందిమి దిగాం. (భద్రాచలం రోడ్ స్టేషన్ అంటే భద్రాచలమే అనుకుని దిగిన మా బాబాయి, అది కొత్తగూడెమనీ ఇంకా నలభై కిలోమీటర్లు పోవాలనీ తెలిశాక రాముణ్ణి ఏమన్నాడో ఇక్కడ రాయను.) మా చెల్లెలు అప్పుడు ఖమ్మంలో పేపర్ల వాల్యుయేషన్‌లో ఉంది. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం రోజూ తిరగలేక అక్కడే ఎవరింట్లోనో ఉండి, పండగ ముందురోజు రాత్రి బస్సులో వచ్చి, తెల్లారుజామున పులిహోర కలిపింది. కళ్యాణం చూశాం. పర్ణశాలకెళ్ళి సీతవాగులో ఎర్రరాళ్ళూ పసుపురాళ్ళూ చూశాం, ముంజలు తిన్నాం. ఫోటోల్లో అది ఎక్కడా లేదు. మధ్యాహ్నం బస్సుకే ఖమ్మం వెళ్ళిపోయింది. ఆ వాల్యుయేషన్ బిల్లు దసరాకి చేతికందింది.

ఫోనులో ఆ ప్రశ్న అడిగాక, మే నెలలో నేనే మళ్ళీ వెళ్ళాను. అప్పుడు అడ్మిషన్ల తిరుగుడు. జీతం లేదు గదా, నీకెందుకే ఈ ఎండలో అన్నాను. "పిల్లలు చేరకపోతే వచ్చే ఏడు నేనుండనక్కా" అంది. భద్రాచలం దాటామో లేదో ఎటపాక. 2014లో పోలవరం ముంపు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపాక అది వేరే రాష్ట్రం. షేర్ ఆటో మాత్రం అదే. రాష్ట్రం మారినట్టు దుకాణాల బోర్డుల మీద జిల్లా పేరు చూస్తేనే తెలిసింది. మరికాస్త లోపలికి పోతే ఓ గూడెం పక్కన తునికాకు కల్లం. యాభై ఆకులు ఒక కట్ట. కట్టలు వరసలు వరసలుగా ఎండుతున్నాయి. వాటి మధ్య వంగి కట్టల్ని తిరగేస్తున్న ఒక పిల్ల మమ్మల్ని చూసి, చేతులు లంగాకి తుడుచుకుని లేచి నిలబడింది. అచ్చం నా నవలలో లాగే! ఫస్టియరు పాసైందట.

"సెకండియరుకి వస్తవు గదా?" అంది చెల్లెలు.

"ఆకు అయిపోయినంక చెప్త మేడమ్."

తిరిగొస్తూ ఆటోలో మా చెల్లెలు వేళ్ళమీద ఏదో లెక్కేసి, "ఈ నెల దాని సంపాదన నాకంటే ఎక్కువే" అంది. కుళ్ళుతో కాదు. ఆ పిల్ల తిరిగొస్తుందా రాదా అన్న లెక్కలో అదొక అంకె.

ఆ సాయంత్రం ఊరికే కూర్చోలేక మా సాహిత్యం గురించే ఆలోచించాను. విశ్వనాథ వారూ కాలేజీలో తెలుగు చెప్పిన మనిషే. ఈ ప్రాంతపు వాగుని చూసి 'కిన్నెరసాని పాటలు' రాశారు. అత్తింట్లో ఇమడలేక అడవిలోకి పరుగెత్తిన కోడలి దుఃఖం ఆ నీళ్ళలో కనిపించిందాయనకి. మేం అదే కిన్నెరసానికి నవలల్లో క్యారియర్లు పట్టుకెళ్ళాం. పోనీ, ఊహాశక్తి అందరికీ అంత ఉండదనుకుందాం. నవీన్ గారు అర్థశాస్త్రం లెక్చరరు. ఉస్మానియాలో ఒక విద్యార్థి గడిపే ఒకే ఒక్క రోజుని తీసుకుని 1969లో 'అంపశయ్య' మొత్తం నింపారు. దానికి కావలసింది ఊహ కంటే ఓపిక. ఒక రోజుకి ఆయనకి పుస్తకం పట్టింది. అరవై రోజులకి నాకు ఒక వాక్యం సరిపోయింది. నాకు తక్కువైంది సెలవుల అనుభవం కాదు, పక్కింటి ఖర్చుల పద్దు పుస్తకం చదివే అలవాటు.

నవల పుస్తకంగా వస్తోంది. ప్రూఫులు బల్లమీదున్నాయి. పదిహేనో ప్రకరణం మొదటి వాక్యం ఎర్ర ఇంకుతో కొట్టేశాను. దాంతో లాంచీ కూడా మునిగేలా ఉంది, అందులో హీరోకి ఈత వచ్చో రాదో చూడాలి. ఏం రాయాలో తెలియక మా చెల్లెలికి ఫోన్ చేశాను.

"నువ్వు మే నెలలో నిజంగా ఏం తిన్నావే?" అని అడిగాను.

"మామిడికాయ పప్పక్కా, రోజూ. కాలేజీ ఎనక చెట్టుంది గదా" అంది.