అట్టల కట్టలో ఆస్తి

చారిత్రక ప్రేమకథ అనగానే మన రచయితలు గడీలకో, జమీందారీ మేడలకో పోతారు. ప్రాణస్నేహం, పంచుకోవలసిన ఆస్తి, పైకి చెప్పుకోలేని గుట్టు కావాలంటే షోలాపూర్ తూర్పు పేటలు చాలవా? సాఖర్ పేట, అశోక్ చౌక్ సందుల్లో ఉన్న పద్మశాలీల పెద్దలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి తరాల కిందట వచ్చినవాళ్లు. బజారులో మరాఠీ, ఇంట్లో తెలంగాణ తెలుగు. 1877లో ఇక్కడ మొదటి నూలు మిల్లు వచ్చాక వలస ఇంకా పెరిగింది. పెద్ద మిల్లులు మూతబడ్డా సాంచెలు, అంటే మరమగ్గాలు, నిలిచాయి, ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాటలూ నిలిచాయి.

ఈ పేటల్లో ఆస్తి అంటే భూమి కాదు, దుప్పటి మీద నేసే బొమ్మ నక్ష.

షోలాపూర్ దుప్పటికి ప్రాణం మగ్గం మీద బొమ్మ నేయించే జకార్డు. ముందు గ్రాఫ్ కాగితం మీద గడిగడికీ రంగు నింపి పువ్వునో నెమలినో గీస్తారు. ఆ గడులను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, పోగు కిందే ఉంటుంది. నాడె ఒకసారి అటు పోగానే తర్వాతి అట్ట వచ్చి కూచుంటుంది. అట్టలన్నీ వరసగా దారంతో కుట్టి ఉంటాయి. వాటిలో ఒక్కటి తారుమారైతే నెమలి మెడ విరుగుతుంది. జోడు నేతలో రెండు పొరలు చోటు మార్చుకుంటాయి కాబట్టి ముందువైపు ఎరుపు మీద తెలుపు నెమలి ఉంటే, వెనకవైపు తెలుపు మీద ఎరుపు నెమలి.

అట్టల కట్టను మాత్రం ఎవరికీ చూపరు. ఒకే అరుగు మీద చాయ్ తాగే సోపతికి కూడా చూపరు. అందులో నాకు కొంచెం నవ్వులాటే కనిపిస్తుంది. దుప్పటి అంగడికి చేరిన రోజే గుట్టు బయటపడ్డట్టు. ఒకటి కొని, భూతద్దం కింద పోగులు లెక్కపెట్టుకుంటూ పోతే అదే నక్ష మళ్లీ గ్రాఫ్ కాగితం మీదికి దిగుతుంది. దిగనిదల్లా నూలు ఎంపిక, రంగు పట్టే తీరు, అంగుళానికి ఎన్ని పేకలు దట్టించాలన్న లెక్క. కాపీ కొట్టినవాడు మొదట మిగుల్చుకునేది అక్కడే. నాలుగు ఉతుకుల్లో దుప్పటి జాలీ అవుతుంది. అందుకే ఈ విద్యలో వారసత్వం కట్టలో కంటే, కట్టను నడిపే చేతిలోనే ఎక్కువ అంటాను.

పద్మశాలీల కులపురాణంలోనూ పెళ్లీ వారసత్వమూ కలిసే నడుస్తాయి. భావనా ఋషి తామర తూళ్ల నారతో దేవతలకు బట్టలు నేశాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు. ఒక కథనంలో వాళ్లకు 101 మంది కొడుకులు. నూరుగురు నూలు నేత పట్టారు, ఒక్కడు గోనె నేతకు పోయాడు. నవల రాస్తే ఆ ఒక్కడి మీద రాయాలి. తెలంగాణ పల్లెల్లో కూనపులివాళ్లు పటం విప్పి చెప్పే కథ ఈ వంశానిదే. షోలాపూర్‌లో రాఖీ పున్నమి నాడు వీళ్ల మూలపురుషుడు మార్కండేయుడి రథం కదిలితే తూర్పు పేటలన్నీ వీధిలోనే ఉంటాయి.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి. అవి పెట్టినచోట అట్టలు పోయి నక్ష ఫైలైంది. కట్టలైతే అన్నదమ్ములు పంచుకోవాలి, పెద్దవాడికి పోయింది చిన్నవాడికి ఉండదు. ఫైలు ఇద్దరికీ ఉంటుంది, పక్క సందువాడికీ ఉంటుంది.

షోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా ఊరి పేరు కుట్టిన చీటీని ఒక్కదాన్నే నమ్మి కొనొద్దు. దుప్పటిని తిరగేసి చూడండి, వెనకవైపు నెమలి కూడా ముందుదానంత తేటగా ఉండాలి. తర్వాత వెలుగుకు ఎత్తి పట్టండి. నేతలో సందులు కనిపిస్తే పేక తగ్గించారన్నమాట, బేరం కూడా ఆడకండి.