వయ్యారిభామ పనితనం

వానలు పడ్డాయంటే భిలాయ్ సెక్టర్ 2లో క్వార్టర్ల వెనక సందుల్లో, కాలువల పక్కన, ఖాళీ జాగాల్లో తెల్లగా విరగబూసేది వయ్యారిభామే. ఇక్కడివాళ్లకు గాజర్ ఘాస్. ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరిన 1955లోనే అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ కలుపు పుణెలో జనం కంటబడింది. రెండూ బాగానే వేళ్లూనాయి.

తిట్లు తర్వాత. ముందు ఆ పువ్వును చూడండి, ముట్టుకోకుండానే. పువ్వులా కనిపించేది నిజానికి పూలగుత్తి. అడ్డంగా 4 మిల్లీమీటర్లుంటుందేమో! అంచున ఐదు ఆడపూలు, మధ్యలో దాదాపు 40 మగపూలు. ఆడపువ్వుకు ఒక్క గింజ చొప్పున గుత్తికి ఐదే గింజలు. పిసినారి కాపే, కానీ గుత్తులు వేలల్లో వస్తాయి. బాగా ఎదిగిన మొక్క 15,000 నుంచి 25,000 గింజలు రాలుస్తుంది. మొలిచిన నెలకే పూత మొదలు.

నాకు ముచ్చటేసేది ఆ గింజ తయారీ. అది ఒంటరిగా రాలదు. పుప్పొడి ఇచ్చేసి ఎండిన మగపూలు రెండు చెరోవైపు అంటుకుని దానితోనే వస్తాయి. ఈత నేర్చుకునే పిల్లాడి నడుముకు కట్టిన సొరకాయ బుర్రల్లా నీళ్ల మీద తేలుస్తాయి. ఇక వాననీరు ఎటు పారితే అటు ప్రయాణం. పని తీరినవాటికి మరో పని అప్పజెప్పే ఈ పొదుపు ఏ కార్ఖానాకైనా పాఠమే.

పుప్పొడి దగ్గర మాత్రం ఆ పొదుపు కనపడదు. ఒక్క మొక్క 62 కోట్లకు పైగా రేణువులు వదులుతుందని 1991లో లెక్కగట్టారు. ముద్దలు ముద్దలుగా గాలికి లేచి, కొందరికి తుమ్ములు, ఉబ్బసం తెస్తాయి. మొక్కలోని పార్థెనిన్ అనే రసాయనం చర్మానికి దురద, పొక్కులు తెస్తుంది. ఆ పుప్పొడి మిరప, టమాటా, వంగ పూల మీద పడితే కాయ కట్టడమే తగ్గుతుందని 1980 ప్రాంతంలో బెంగళూరు శాస్త్రవేత్తలు చూపించారు. తన సంతానం పెంచుకోవడానికి పుట్టిన పొడి పక్కవాడి సంతానానికి అడ్డుపడుతుందన్నమాట. దుర్మార్గమే, కానీ పని పక్కా.

ఈ కలుపును అదుపు చేయడానికి, దీని ఆకులు తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. ఛత్తీస్‌గఢ్‌లో చరోటా భాజీ అని వండుకునే తగిరిస కూడా దట్టంగా మొలిస్తే దీన్ని అణచగలదు. మీ వాకిట్లో కనబడితే మాత్రం పూతకు ముందే, నేల తడిగా ఉండగా, చేతికి తొడుగు వేసుకుని వేరుతో సహా పీకేయండి.