మొదటి జెట్‌ను దిగడం చూసి ఎంచుకోవాలి

మోడల్ జెట్ ఎగరేయాలని ఉబలాటపడేవాళ్లు ముందుగా అడిగేది ఇంజన్ గురించే. ఎన్ని న్యూటన్ల థ్రస్ట్, ఏ కంపెనీ, ఎంతవుతుంది? ఎయిర్‌ఫ్రేమ్, అంటే విమానం బాడీ, మాట ఆ తర్వాత వస్తుంది, అదీ ఫొటోలు చూసి: ఎఫ్-16 రూపం కావాలా, రఫేల్ రూపం కావాలా అని. ఈ వరుసే తలకిందులని నా గట్టి నమ్మకం. మొదటి జెట్ విషయంలో తేల్చుకోవాల్సింది అది రన్‌వే మీదికి ఎలా దిగుతుందన్నదే. అది తేలితే ఎయిర్‌ఫ్రేమ్ తేలుతుంది. ఎయిర్‌ఫ్రేమ్ తేలాక ఇంజన్ ఎంపికలో పెద్దగా తేల్చాల్సింది మిగలదు.

దిగడానికి ఇంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే ఈ ఇంజన్ ఎలాంటిదో చూడాలి. చేతిలో ఇమిడే ఈ టర్బైన్లు రూపుదిద్దుకున్నది చాలావరకు ఇళ్లలోని వర్క్‌షాపుల్లో. జర్మనీకి చెందిన కర్ట్ ష్రెక్లింగ్ తన ఇంజన్‌కు కంప్రెసర్ చక్రాన్ని ప్లైవుడ్‌తో చేసి, దానికి కార్బన్ ఫైబర్ బిగింపు ఇచ్చారు. ఎలా చేయాలో దాచుకోకుండా పుస్తకంగా రాశారు. ఆ దారిలోనే వచ్చిన కేజే-66 ఇంజన్‌లో కంప్రెసర్‌గా పెట్టింది టర్బోచార్జర్ చక్రాన్ని. పేరులోని 66, మిల్లీమీటర్లలో ఆ చక్రం వ్యాసం. నిమిషానికి 1,15,000 చుట్లు తిరిగేటప్పుడు దాని అంచు సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో, అంటే ధ్వనిని మించి కదులుతుంది. నేడు జర్మనీ జెట్‌క్యాట్, తైవాన్ కింగ్‌టెక్, స్పెయిన్ జికాయ్ వంటి కంపెనీలు అమ్మే ఇంజన్ల లోపలి అమరిక కూడా ఇంచుమించు అదే: ముందు ఒక కంప్రెసర్, మధ్యలో మంట గది, వెనక ఒక టర్బైన్ చక్రం, వాటిని కలిపే షాఫ్టు, ఆ షాఫ్టును మోసే రెండు సిరామిక్ బాల్ బేరింగులు.

స్టార్ట్ చేయడాన్ని దగ్గర నుంచి చూస్తే ఇంజన్ స్వభావం సగం అర్థమవుతుంది. ముందు ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. ఎదుట ఉన్న చిన్న మోటారు షాఫ్టును మెల్లగా తిప్పుతుంటే, పంపు కొద్దికొద్దిగా కిరసనాయిలు వదులుతుంది. లోపల గుప్పుమని అంటుకోగానే ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత అంకె వందల డిగ్రీల్లోకి ఎగబాకుతుంది. ఇంధనం ఎంత పోయాలి, మోటారును ఎప్పుడు వదిలించాలి అన్నది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. కూత సన్నగా మొదలై పైస్థాయికి వెళ్లి, ఐడిల్ అనే కనిష్ఠ వేగం దగ్గర నిలబడుతుంది. అంతసేపూ పక్కన ఒక మనిషి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పట్టుకుని నిలబడాలి. అంటుకోకుండా లోపల పోగైన ఇంధనం ఒక్కసారి మండితే వెనక నుంచి బారెడు మంట వస్తుంది. పొడి చల్లే సిలిండర్ కూడా మంటను ఆర్పుతుంది కానీ దాంతో ఇంజన్ కూడా పోతుంది. అందుకే కార్బన్ డయాక్సైడ్.

ఇక థ్రోటిల్. ప్రొపెల్లర్ విమానానికి అలవాటుపడిన వేలు ఇక్కడ మళ్లీ నేర్చుకోవాలి. ఐడిల్ నుంచి పూర్తి థ్రస్ట్‌కు రావడానికి ఈ ఇంజన్లకు మూడు నుంచి అయిదు సెకన్లు పడుతుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో దిగివస్తున్న విమానం నాలుగు సెకన్లలో 80 మీటర్లు దాటేస్తుంది. రన్‌వే అందదేమోనని చివరి క్షణంలో థ్రోటిల్ పెంచినా ఆ బలం వచ్చేసరికి విమానం కంచె దగ్గర ఉంటుంది. దీనికి తోడు, ఐడిల్‌లో కూడా ఇంజన్ కొంత నెడుతూనే ఉంటుంది. గాలిని అడ్డుకుని ఆపే ప్రొపెల్లర్ లేదు. కాబట్టి నున్నటి జెట్ దిగనని మొరాయిస్తూ నేలకు అడుగు ఎత్తులో రన్‌వే పొడవునా తేలుతూ పోతుంది. ఒకవైపు అడిగినప్పుడు బలం రాదు, మరోవైపు వద్దన్నప్పుడు పోదు. జెట్ ల్యాండింగ్‌లోని చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈ చిక్కుకు జవాబు ఎయిర్‌ఫ్రేమ్‌లో ఉండాలి. మందమైన, వెడల్పాటి రెక్క కావాలి. బాగా కిందికి వంగే ఫ్లాపులు కావాలి. ఇవి రెక్కకు ఎత్తే బలాన్ని ఇవ్వడమే కాదు, గాలికి అడ్డుపడి ఐడిల్ థ్రస్ట్‌ను మింగేస్తాయి. అప్పుడు ఇంజన్‌ను ఐడిల్ కంటే కాస్త పైన ఉంచి దిగవచ్చు, అవసరమైతే బలం తొందరగా అందుతుంది. చక్రాలకు బ్రేకులు తప్పనిసరి. ల్యాండింగ్ గేర్ కాళ్లు దెబ్బను స్ప్రింగుతో ఓర్చుకునేవి కావాలి. బరువు విషయంలో ఉదారంగా ఉండకూడదు: విమానం బరువు పది శాతం పెరిగితే దిగే వేగం సుమారు అయిదు శాతం పెరుగుతుంది. రెండూ కలిసి, బ్రేకులు ఆపాల్సిన శక్తి ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది. రంగులు, డమ్మీ క్షిపణులు, కాక్‌పిట్‌లో పైలట్ బొమ్మ ఇవన్నీ ఆ లెక్కలోకి వచ్చేవే.

బ్రిటన్‌లో పుట్టిన బూమరాంగ్, అమెరికాలో బ్రూస్ థార్ప్ కిట్‌గా అమ్మిన రియాక్షన్-54 లాంటి ట్రైనర్లు ఈ ఆలోచనతోనే వచ్చాయి. చూడ్డానికి అవి ఏ యుద్ధ విమానానికీ నకలు కావు. చెక్కతో కట్టినవి కాబట్టి విరిగిన చోట బాల్సా అతికించుకుని మళ్లీ ఎగరేయవచ్చు. అచ్చులో పోసిన ఫైబర్ బాడీకి ఆ సౌకర్యం తక్కువ. నేనైతే ఇంజన్ బయటికి కనిపించేలా అమర్చిన ట్రైనర్‌కే ఓటు వేస్తాను. ఇంజన్ లోపల ఉంటే వేడి వాయువును బయటికి తీసుకుపోయే పొడవాటి గొట్టం కావాలి, ఆ గొట్టం ఇంజన్‌తో సరిగ్గా వరుసలో ఉండాలి, మంట వస్తే మూత తీసేదాకా చేయి అందదు. బయట ఉన్న ఇంజన్ అయితే చేసే ప్రతి పనీ కళ్లెదుటే.

ఇలాంటి విమానం ఇంధనంతో కలిపి పది కిలోల చుట్టుపక్కల తూగితే, 80 నుంచి 100 న్యూటన్ల ఇంజన్ చాలు. 100 న్యూటన్లంటే పది కిలోల పైచిలుకు నెట్టుడు. విమానం బరువంత థ్రస్ట్ ఉంటే అది నిలువునా ఎక్కిపోతుంది, మొదటి ఏడాది దాంతో పని లేదు. రేపు పెద్ద విమానానికి పనికొస్తుందని 160 న్యూటన్ల ఇంజన్ కొనేవాళ్లుంటారు. దానికి ఐడిల్ థ్రస్ట్ కూడా ఎక్కువ, బరువూ ఎక్కువ, తాగుడూ ఎక్కువ. అంటే ల్యాండింగ్ కష్టాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడమే. అమెరికాలో మోడల్ విమానాల సంస్థ ఏఎంఏ, టర్బైన్ ఎగరేసేవారికి ప్రత్యేక అనుమతి పెట్టి, వేగాన్ని గంటకు 200 మైళ్లకు పరిమితం చేసింది. పెద్ద ఇంజన్ చిన్న విమానంలో పెడితే ఆ గీత దాటడానికి ఎంతోసేపు పట్టదు.

వంద న్యూటన్ల ఇంజన్ పూర్తి థ్రస్ట్‌లో నిమిషానికి 400 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా తాగుతుంది. అది తాగేది కిరసనాయిలు, జెట్-ఎ1 లేదా డీజిల్. బేరింగులకు వేరే నూనె ఏర్పాటు లేదు. ఇంధనంలో కలిపే నాలుగైదు శాతం టర్బైన్ ఆయిలే వాటికి ప్రాణం. పంపు లైనులో గాలి బుడగ దూరితే మంట ఆరిపోతుంది, అందుకే ట్యాంకుకూ పంపుకూ మధ్య బుడగలను పట్టే చిన్న ట్యాంకు పెడతారు. ట్యాంకులు గురుత్వ కేంద్రం మీదే ఉండాలి: మూడు లీటర్లంటే రెండు కిలోల పైమాటే, అది ఖాళీ అవుతున్నకొద్దీ తూకం మారితే దిగేటప్పటికి విమానం వేరేలా ప్రవర్తిస్తుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల ఎగరేసేవారు ఇంకో లెక్క వేసుకోవాలి. కంపెనీలు చెప్పే థ్రస్ట్ సాధారణంగా 15 డిగ్రీల వేడిలో, సముద్రమట్టం దగ్గర లెక్క. మన నగరం 500 మీటర్లకు పైన ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఇక్కడి గాలి ఆ లెక్క కంటే సుమారు 14 శాతం పలుచన. ఇంజన్ బలం ఇంచుమించు అంతే తగ్గుతుంది, నేలతో పోలిస్తే విమానం దిగే వేగం దాదాపు ఎనిమిది శాతం పెరుగుతుంది. జర్మనీలో చాలిన రన్‌వే ఇక్కడ చాలదు. తెల్లవారుజామున ఎగరేయడం ఆ తేడాను కొంతవరకు పూడుస్తుంది. మట్టి రన్‌వే అయితే చిన్న రాయి కూడా కంప్రెసర్ రెక్కలను చెక్కేస్తుంది కాబట్టి గాలి లోపలికి వెళ్లే దారి ముక్కు చక్రానికి బాగా ఎత్తులో ఉన్న డిజైన్ చూసుకోవాలి, దానికి జల్లెడ బిగించాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం కంటికి కనిపించే దూరంలో, వినోదం కోసమో చదువు కోసమో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా స్థలం, ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల గ్రీన్ జోన్‌లో ఉందో లేదో మ్యాపులో చూసుకోవాల్సిందే.

చివరిగా ఇంజన్ బ్రాండు. ఈ తరగతి ఇంజన్ల మధ్య థ్రస్ట్ తేడా కంటే సర్వీసు తేడా పెద్దది. చాలా కంపెనీలు పాతిక గంటలకో, యాభై గంటలకో బేరింగులు మార్పించమంటాయి. ఇంజన్‌ను విదేశానికి పంపి, కస్టమ్స్ దాటించి, తిరిగి తెప్పించుకోవాలంటే నెలలు గడుస్తాయి. దేశంలోనే విప్పి చూసే మనిషి ఉన్న బ్రాండు కాస్త ఖరీదైనా అదే చవక. సెకండ్ హ్యాండ్ అయితే ఈసీయూలో నడిచిన గంటలు నమోదై ఉంటాయి, అవి చూపించమనాలి. ఎదుటే స్టార్ట్ చేయించాలి. ఆపేసిన తర్వాత ఇంజన్ చల్లారేదాకా మోటారు దాన్ని తిప్పుతూ ఉంటుంది. ఆ మోటారు ఆగాక షాఫ్టు నిమ్మళంగా నిలిచిందా, గరగరమంటూ టక్కున ఆగిందా అన్నది చెవి పెట్టి వినాలి. టక్కున ఆగితే బేరింగుల ఖర్చును బేరంలో కలుపుకోవాలి.