కారం లేని మిరపతో కొలిచిన వేడి

అనంతపురంలో రాగిసంగటి పక్కన ఊరిబిండి ఉండాల్సిందే. ఎండుమిరప, వేయించిన వేరుశనగ, చింతపండు, వెల్లుల్లి కలిపి రోట్లో కచ్చాపచ్చాగా నూరిన ఆ పచ్చడి నాలుగు ముద్దలు తింటే నుదుట చెమట పోస్తుంది. కారం తింటే కొవ్వు కరుగుతుందా? జపాన్‌లో తకేషి యొనెషిరో, మసయుకి సైతో బృందం 2012లో ప్రచురించిన పరీక్ష ఈ ప్రశ్నను ఎంతో ఓపికగా విప్పింది.

వాళ్లు ఎంచుకున్న మిరప రకమే ముచ్చటైనది. థాయ్‌లాండ్ ఘాటు మిరప సంతతిలోంచి ఏరి నిలబెట్టిన తియ్య రకం అది. అందులోని క్యాప్సినాయిడ్లు కారాన్నిచ్చే క్యాప్సైసిన్‌కు తోబుట్టువులే. అణువులో ఒక్క బంధం మారింది, నాలుక మండదు. అయినా పేగుల్లోని నరాలను తట్టి గోధుమరంగు కొవ్వును మేల్కొలుపుతాయని వాళ్ల అంచనా.

ఆ కొవ్వు మెడ దగ్గర, వెన్ను పక్కన కొద్దిగా ఉంటుంది. మామూలు కణం తిండిలోని శక్తిని ఏటీపీ అనే అణువుల రూపంలోకి మార్చుకుంటుంది. ఈ కొవ్వులో మాత్రం యూసీపీ1 అనే ప్రోటీన్ ఆ శక్తిని దారి మళ్లించి వేడిగా వదిలేస్తుంది.

నన్ను కట్టిపడేసింది క్యాప్సినాయిడ్ల మాత్ర ఇవ్వకముందు పరిశోధకులు చేసిన పని. చలికి గోధుమరంగు కొవ్వు మేల్కొంటుంది కాబట్టి, 20–32 ఏళ్ల ఆరోగ్యవంతులైన 18 మంది మగవాళ్లను పల్చటి బట్టలతో 19 డిగ్రీల చలిలో రెండు గంటలు ఉంచి పెట్ స్కాన్ తీశారు. స్కాన్‌లో పదిమందికి ఆ కొవ్వు వెలిగింది, ఎనిమిదిమందికి వెలగలేదు. తర్వాత వెచ్చటి గదిలో 9 మిల్లీగ్రాముల క్యాప్సినాయిడ్లు ఒకసారి, మందు లేని ఉత్త మాత్ర ఒకసారి ఇచ్చి, ఒంట్లో ఖర్చయ్యే శక్తిని లెక్కగట్టారు. కొవ్వు వెలిగినవాళ్లలో ఖర్చు గంటకు 15.2 కిలోజౌళ్లు పెరిగింది, వెలగనివాళ్లలో 1.7 మాత్రమే. ఉత్త మాత్రకు ఎవరిలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. ముందే వేరుచేయకుండా అందరికీ కలిపి సగటు తీసివుంటే అసలు సంగతి అందులోనే కలిసిపోయేది.

15.2 కిలోజౌళ్లంటే ఒకటి రెండు వేరుశనగ గింజల్లో ఉండే శక్తి. సన్నబడదామని మాత్రల సీసాలు కొనేవారికి ఈ లెక్క తప్పక చెప్పాలి. అంత చిన్న తేడాను పట్టుకున్న పనితనం మీద నాకు మరింత గౌరవం.

ఈ పరీక్ష అనంతపురంలోనూ జరగాలని నా కోరిక. ఆ కొవ్వు చురుకుదనం చలిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ఇక్కడివాళ్లను మే ఎండల్లో ఒకసారి, డిసెంబరు చలిలో ఒకసారి స్కాన్ చేసి, ఆ తర్వాతే మాత్ర చేతికివ్వాలి.