కొంపొస్తేలా: నక్షత్ర క్షేత్రమా?

స్పెయిన్ దేశపు వాయువ్య మూలనున్న గలీసియాలో సాంతియాగో దె కొంపొస్తేలా అను పట్టణమున్నది. హేరోదు ఖడ్గముతో చంపించిన యాకోబు (అపొ.కా. 12:2) సమాధి అక్కడ దొరికెనని 9వ శతాబ్దము నుండి చెప్పుచు వచ్చిరి. ‘సాంతియాగో’ అనగా పరిశుద్ధ యాకోబు. ఇందులో వివాదము లేదు. చిక్కంతయు ‘కొంపొస్తేలా’తోనే.

ఇది లాటిన్ ‘కాంపుస్ స్తెల్లే’, అనగా నక్షత్రపు పొలము, అని భక్తి గ్రంథములు వివరించును. బేత్లెహేము నక్షత్రమును తలపించును గనుక ప్రసంగీకునికి ఈ మాట నచ్చుట సహజమే. సమాధి దొరికిన చోట వెలుగులు కనబడెనని 1077 నాటి ఒక ఒప్పంద పత్రము చెప్పుటయు దీనికి తోడైనది. అయితే లాటిన్ నుండి పుట్టిన రోమాన్స్ భాషల ధ్వని నియమములు దీనికి ఒప్పుకొనవు. ‘కాంపుస్’ గలీసియన్‌లోను కాస్తీలియన్‌లోను ‘కాంపో’ అయినది; అందలి ‘ఆ’ ఎక్కడను ‘ఓ’గా మారలేదు. ‘స్తెల్లా’ గలీసియన్‌లో ‘ఎస్త్రేలా’ అయినది. మన పేరులో ఆ ‘ఎ’కారము లేదు, ‘ర’కారమును లేదు.

‘కొంపొసితా’ (అమర్చబడినది) అను మాటకు అల్పార్థక ప్రత్యయము ‘ఎల్లా’ చేరినదనుట మాకు బలముగా తోచుచున్నది. ‘పొసితా’ నలిగి ‘పోస్తా’ అయినట్లే ఇక్కడను నడిమి ‘ఇ’ జారిపోయినది. లాటిన్ ‘ఎల్లా’ గలీసియన్‌లో ‘ఏలా’, కాస్తీలియన్‌లో ‘ఇల్యా’ అగును. తూర్పున పోన్‌ఫెర్రాదా చెంత ‘కొంపొస్తిల్యా’ అను ఊరున్నది. అక్కడ అపొస్తలుని సమాధి లేదు.

ఆ లాటిన్ క్రియకు మృతుని పాతిపెట్టుట అను అర్థమును కలదు. 1946-59 త్రవ్వకములలో దేవాలయము క్రింద రోమీయుల కాలపు సమాధులు బయటపడినవి గనుక ‘సమాధి స్థలము’ అని తేల్చివేయుటకు మనస్సు లాగును. మేము అంత దూరము పోలేము; ‘చక్కగా అమర్చిన చోటు’ అనినను వ్యాకరణము సమ్మతించును. ఏ అర్థము తీసికొన్నను, ఆ సమాధి ఎవరిదో పేరు చెప్పజాలదు. సమాధిని కనుగొనెనని సంప్రదాయము చెప్పు బిషప్పు తియోదెమీరో కల్పిత పురుషుడని కొందరనుకొనిరి. 1955లో ఆయన సమాధి ఫలకము దొరికినది. ఈరియా పీఠపు బిషప్పు 847లో మరణించెనని దానిపై చెక్కియున్నది. యాకోబు పేరు గాని, కొంపొస్తేలా అను మాట గాని అందులో లేదు.