ఒక్క హైడ్రోజన్ ఎటు తిరిగింది?

మాచర్ల దగ్గర దుర్గిలో రాయి చెక్కడం చూసినవాళ్లకు తెలుసు: దిమ్మ కొట్టేటప్పుడున్న వేగం విగ్రహం కనుకొలకుల దగ్గర ఉండదు. 2011లో ‘జర్నల్ ఆఫ్ కంప్యూటేషనల్ కెమిస్ట్రీ’లో వచ్చిన ఒక పరిశోధన పత్రం చదువుతుంటే ఆ నెమ్మదే నాకు గుర్తొచ్చింది. రాసినవాళ్లు నలుగురు: ఎలిజబెత్ డెన్నింగ్, హైదరాబాద్ ఐఐఐటీకి చెందిన దేవ ప్రియకుమార్, లెనార్ట్ నిల్సన్, అలెగ్జాండర్ మెకెరెల్. వాళ్లు చెక్కింది ఆర్‌ఎన్‌ఏలో ఒక చిన్న మెలికని.

డీఎన్‌ఏ చక్కెరలో లేని ఆక్సిజన్ ఒకటి ఆర్‌ఎన్‌ఏ చక్కెరలో ఉంటుంది. దాని కొసన ఒక హైడ్రోజన్. అది కాసేపు క్షారం (ఆర్‌ఎన్‌ఏ అక్షరం) వైపు, కాసేపు పొరుగు ఆక్సిజన్ వైపు తిరుగుతుంటుంది.

ఇక కంప్యూటర్ సంగతి. అణువు కదలికను అందులో అడుగడుగునా లెక్కగట్టి నడిపిస్తారు. ఒక్కో అడుగు దాదాపు 2 ఫెమ్టోసెకన్లు, అంటే ఒక్క నానోసెకను గడవాలంటే 5 లక్షల అడుగులు. ఏ పరమాణువు దేన్ని ఎంత లాగాలో, ఎంత నెట్టాలో చెప్పే సూత్రాలనూ అంకెలనూ కలిపి ఫోర్స్ ఫీల్డ్ అంటారు. అప్పటికి వాడుకలో ఉన్న చార్మ్27 అనే ఫోర్స్ ఫీల్డ్‌తో నడిపితే ఆర్‌ఎన్‌ఏ క్షార జతలు ప్రయోగాల్లో కనబడేదానికన్నా ఎక్కువగా విడిపోతున్నాయి.

జతలు ఊడుతున్నాయి కదా అని జతల్నే బిగించి ఊరుకోవచ్చు. వీళ్లు అలా చేయలేదు. మోటారు చప్పుడు ఒకచోట, వదులైన నట్టు ఇంకోచోట ఉన్నట్టు, లోపం ఆ హైడ్రోజన్ దగ్గర దొరికింది. కంప్యూటర్ నడకలో అది దాదాపు ఎప్పుడూ పొరుగు ఆక్సిజన్ వైపే చూస్తోంది. ఆ దిక్కుకి పాత అంకెలు మరీ మొగ్గు చూపాయని క్వాంటం లెక్కలు కూడా చెప్పాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తర్వాతి పని. క్వాంటం లెక్కలకు సరిపోయే అంకెల వరసలు ఒకటి కాదు, చాలా వచ్చాయి. ఏదో ఒకటి తీసుకోకుండా, స్ఫటికాల్లో ఆ చోటు చుట్టూ నీళ్లు ఎలా చేరాయో చూశారు, ఎన్‌ఎంఆర్ అనే ప్రయోగపు కొలతలతో పోల్చారు, అప్పుడు ఎంచుకున్నారు. అదే చార్మ్36. ఇంత ఓపికని పనితనం అనకపోతే ఇంకేమనాలి!

ఈ పని కొత్త మందులు వెతకడానికీ అక్కరకొస్తుంది. ఎలాగంటారా? 2010లో ప్రియకుమార్, మెకెరెల్ అడినిన్ రైబోస్విచ్‌ని ఇలాగే కంప్యూటర్‌లో నడిపి చూశారు. కొన్ని బాక్టీరియాల్లో ఉండే ఈ ఆర్‌ఎన్‌ఏ ముక్క అడినిన్‌ని తన గూట్లో దాదాపు పూర్తిగా కప్పేసుకుని జన్యువు పనిని అదుపు చేస్తుంది. 74వ చోట యురాసిల్ ఉంటే అడినిన్‌ని పడుతుంది, అక్కడ సైటోసిన్ పెడితే గ్వానిన్‌ని పడుతుంది. ఒక్క అక్షరానికే అతిథి మారిపోయే గూడు అది. అలాంటి గూట్లో ఇమిడే మందు వెతికేవాడికి, ఫోర్స్ ఫీల్డ్ తప్పుగా తెరిచిన జత ఒకటి చాలు, లేని సందు కనబడుతుంది. దానికి సరిపడే మందును తయారుచేయడానికి ఏళ్లు పోతాయి.